ఇటలీ దేశమునందలి బ్యాంకుల ధర్మనిధులు

సంవత్సరాంతమున లెక్కలు ముగిసి మహాజనసభ కూడినప్పుడు మన సంఘములలో తప్పక వచ్చు ప్రశ్న యొకటి కలదు. "లాభము వచ్చినది గదా, దానిని వాటాదారులకు పంచరాదా? నిలువనిధి యనియు, ధర్మకార్యముల పద్దు అనియు తీసి వేరుగా పెట్టుట యెందులకు?" అని సభ్యులు అడుగుదురు. ఈ ప్రశ్న తప్పు గాదు. ఎండలో వానలో కష్టపడి కిస్తులు చెల్లించినవాడు తన సొమ్ము ఏమగుచున్నదో అడుగుటకు హక్కు కలవాడే. అయితే చట్టములోని సెక్షను చూపి అతని నోరు మూయించుటకంటె, ఈ ప్రశ్ననే ఐదువందల సంవత్సరములకు పైగా ఎదుర్కొనుచు వచ్చిన యొక దేశపు వృత్తాంతమును చెప్పుట మేలని తలచి, ఈ నెల ఇటలీ దేశమునందలి బ్యాంకుల ధర్మనిధులను గూర్చి వ్రాయుచున్నాము.

ఇటలీ యెక్కడ, మన పల్లె యెక్కడ అని కొందరనుకొనవచ్చును. కాని మన పరపతి సంఘముల పుట్టుకకు ఐరోపా ఖండముతో సంబంధము కలదు. ఫ్రెడరిక్ నికల్సన్ దొరగారు మద్రాసు ప్రభుత్వము కొరకు ఆ ఖండములోని రైతు బ్యాంకులను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను సమర్పించిరి. ఆ పిమ్మటనే 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. జర్మనీలో రైఫైజెన్ మహాశయుడు నెలకొల్పిన గ్రామ బ్యాంకుల పద్ధతియే మన గ్రామ సంఘములకు ముఖ్యమైన మాదిరి. ఆ మాదిరినే అనుసరించి లియోనె వోలెంబోర్గ్ అనునతడు 1883లో ఇటలీలోని పాదువా ప్రాంతమున లొరెజ్జా గ్రామములో మొదటి గ్రామీణ బ్యాంకును స్థాపించెను. కావున ఇటలీ రైతును, మన రైతును ఒక గురువు శిష్యులని చెప్పుకొనుటలో దోషము లేదు.

తాకట్టు కొట్లు, విత్తనపు గాదెలు

15వ శతాబ్దమున ఇటలీ పట్టణములలో బీదవాడు పది నాణెముల అప్పు కావలసివచ్చినప్పుడు మిక్కిలి హెచ్చు వడ్డీకి లోబడవలసి యుండెను. ఫ్రాన్సిస్కను సన్న్యాసులు సంతలలోను, గుడివాకిళ్లలోను నిలిచి, ధనవంతులు తలకొంత వేసి ఉమ్మడి ధనము కూర్చవలసినదని బోధించిరి. అట్లు 1462లో పెరూజా నగరమున "మోంతె ది పియెతా" అనునది వెలసెను. మోంతె యనగా కొండ, రాశి యని అర్థము. పియెతా యనగా దయ. కళ్లములో ధాన్యము రాశి పోసినట్లు దయతో పోసిన ధనరాశి యన్నమాట. బీదవాడు తన దుప్పటినో, పనిముట్టునో కుదువబెట్టి, ఖర్చులకు సరిపోవునంతటి స్వల్పవడ్డీతో అప్పు తీసికొనెడివాడు.

కొన్ని పల్లెటూళ్లలో ధనమునకు బదులు ధాన్యమే రాశి పోసిరి. విత్తుకాలమున రైతునకు విత్తనములిచ్చి, కోతలయిన పిమ్మట కొలిచినదానికి కొంచెము చేర్చి తిరిగి పుచ్చుకొనెడివారు. మన పల్లెలలో "నాగు" అను ధాన్యపు వడ్డీ యెంత బరువైనదో యెరిగిన పెద్దలకు ఈ గాదెల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

సియెనా అను పట్టణమున 1472లో ఇట్టి రాశి యొకటి యేర్పడెను. 1624లో అది విస్తరించినప్పుడు, అందు సొమ్ము దాచుకొనువారికి పూచీగా ఆ రాజ్యపు గ్రాండుడ్యూకు మరెమ్మా ప్రాంతమునందలి ప్రభుత్వపు పచ్చికబీళ్ల ఆదాయమును చూపెను. మన భాషలో చెప్పవలెనన్న, పుల్లరి సొమ్ము పూచీ. ఇటలీ భాషలో బీళ్లను "పాస్కి" యందురు. అందుచేత ఆ బ్యాంకునకు "మోంతె దెయి పాస్కి" యను పేరు వచ్చినది. నేటికిని అదే పేరు. ఈ పేరును చదువరులు గుర్తుంచుకొనవలెను; దాని కథకు మరల వచ్చెదము.

తూరిన్ నగరమున 1563లో ఏడుగురు పౌరులు కూడి "కొంపన్యీయా ది సన్ పావొలొ" అను పేరున బీదలకు సాయము చేయు సంఘమును స్థాపించిరి. అదియు తరువాత తాకట్టు రాశిని నడిపి, కాలక్రమమున పెద్ద బ్యాంకుగా పెరిగెను.

పిమ్మట 19వ శతాబ్దమున కూలివానికిని, సేద్యగానికిని పొదుపు నేర్పుటకై పొదుపు బ్యాంకులు బయలుదేరినవి. వెనిస్‌లో 1822లోను, మిలానులో 1823లోను, తూరిన్‌లో 1827లోను, ఫ్లారెన్సులో 1829లోను, బొలోన్యాలో 1837లోను అవి పుట్టెను. సామాన్యుడు దాచుకొన్న చిన్న మొత్తములను చేర్చి, ఆ ప్రాంతపు పొలములకును, ఇండ్లకును, వ్యాపారములకును అప్పిచ్చుట వాటి పని. వాటి ముఖ్యధర్మమేమనగా, లాభములో నిలువనిధికి తీయగా మిగిలినది ఆసుపత్రులు, బడులు, అనాథశాలలు మొదలగు ఆ యూరి సత్కార్యములకు పోవలెను. ఆ బ్యాంకులన్నియు కలిసి 1912లో "ఆక్రి" యను సమాఖ్యను ఏర్పరచుకొన్నవి.

బ్యాంకును, ధర్మమును వేరుచేసిన చట్టము

ఇట్లు నూటయేబది సంవత్సరములకు పైగా ఒకే యింటిలో రెండు కాపురములు సాగినవి. ఒకటి బ్యాంకు వ్యాపారము, రెండవది దానధర్మము. కాని బ్యాంకులు పెద్దవై, పోటీ హెచ్చగా, పొదుపు బ్యాంకులకు క్రొత్త మూలధనము తెచ్చుకొను మార్గము లేకపోయెను. వాటికి వాటాదారులు లేరు గనుక వాటాలమ్మి ధనము తెచ్చుట సాధ్యము గాదు. నియామకములలో రాజకీయపక్షముల జోక్యము గూడ హెచ్చెను.

అప్పుడు 1990వ సంవత్సరము జూలై 30వ తేదీన ఒక చట్టము వచ్చినది. దానిని రూపొందించిన మంత్రులు జూలియానొ అమాతొ, గ్విదొ కార్లి గార్ల పేర్లతో అమాతొ-కార్లి చట్టమందురు. దీని ననుసరించి బ్యాంకు వ్యాపారమును వేరుచేసి వాటాల కంపెనీగా మార్చిరి. పూర్వపు సంస్థ ఆ వాటాలకు యజమానియై, ధర్మకార్యములు మాత్రము చేయు "ఫౌండేషను" అయ్యెను. మేము దీనిని ధర్మనిధి యనుచున్నాము.

మన దేశపు ఉపమానముతో చెప్పెదము. ఒక సత్రమునకు మాన్యమున్నదనుకొనుడు. పూర్వము సత్రపు ధర్మకర్తలే నాగలిపట్టి దున్నించుచు, బాటసారులకు అన్నము గూడ పెట్టుచుండిరి. ఇప్పుడు, "మీరు సేద్యమునకు పోవలదు, మాన్యముపై వచ్చు కౌలుతో అన్నము పెట్టుడు, మాన్యమును తరుగనీయకుడు" అని శాసనమైనది. 1998లో చియాంపి గారి పేరనున్న చట్టమును, దాని వెంట 1999 మే నెలలో 153వ నంబరు శాసనమును వచ్చి ఈ యేర్పాటును బిగించినవి. ధర్మనిధులు లాభాపేక్ష లేని, ప్రైవేటు చట్టమునకు లోబడిన సంస్థలనియు, తమ పాత బ్యాంకులపై పెత్తనమును వదలుకొనవలెననియు అవి శాసించెను.

2001లో ప్రభుత్వము ధర్మనిధుల పాలకవర్గములలో స్థానిక ప్రభుత్వముల ప్రతినిధులకే ప్రాబల్యము కలుగునట్లు చట్టము చేయగా, వివాదము రాజ్యాంగ న్యాయస్థానమునకు పోయెను. 2003 సెప్టెంబరులో ఆ న్యాయస్థానము 300, 301 నంబరుల తీర్పులలో ధర్మనిధులు ప్రభుత్వపు చేతికర్రలు గావనియు, సంఘజీవనమునందలి స్వేచ్ఛకు చెందిన ప్రైవేటు సంస్థలనియు నిర్ణయించెను. పురపాలకుడు నియమించిన సభ్యుడైనను, కూర్చుండిన పిదప ధర్మనిధికే జవాబుదారి గాని నియమించినవానికి గాదని దీని సారాంశము. మన పంచాయతీదారులు గూడ ఈ మాటను తలపోయదగును.

ఖర్చు పద్ధతి

1990 చట్టమువలన పుట్టిన ధర్మనిధులు 88. తరువాత కొన్ని ఒకదానితో నొకటి కలియుటవలన ఆ సంఖ్య కొంచెము తగ్గినది. వాటి యావదాస్తి సుమారు 4,000 కోట్ల యూరోలు. ఏటేట వారు పంచు ధనము ఇంచుమించుగా 100 కోట్ల యూరోలు. అసలును ముట్టక, దానిపై వచ్చు ఆదాయము నుండియే ఖర్చు చేయుట నియమము.

ఖర్చునకు గూడ కట్టుబాట్లు కలవు. శాసనములో చెప్పిన రంగముల నుండి ఒక్కొక్క నిధి అయిదింటికి మించకుండ ముఖ్యరంగములను ఎన్నుకొనవలెను. ఖర్చులు, నిలువనిధి పోగా మిగిలిన ఆదాయములో సగమునకు తక్కువ గాకుండ వాటికి వినియోగింపవలెను. కళలు, ప్రాచీన కట్టడములు, విద్య, శాస్త్రపరిశోధన, ఆరోగ్యము, వృద్ధుల సంరక్షణ, స్వచ్ఛందసేవ మొదలగునవి ఆ రంగములు. లాభము కొరకు నడచు వ్యాపారములకు దానమీయరాదు. 1991వ సంవత్సరపు చట్టము ననుసరించి ఆదాయములో పదునైదవ వంతు స్వచ్ఛంద సేవాసంఘముల సహాయార్థము ప్రత్యేకనిధికి చెల్లింపవలసి యుండెను. 2017లో ఈ యేర్పాటు దేశమంతటికిని ఒకే నిధిగా మారినది.

ఫలములకు కొన్ని ఉదాహరణములు. తూరిన్ నగరమున ఈజిప్టు దేశపు ప్రాచీనవస్తువుల ప్రదర్శనశాల యొకటి ప్రఖ్యాతమైనది. 2004లో దాని నిర్వహణకై ఒక సంస్థ యేర్పడినప్పుడు, ప్రభుత్వము, రాష్ట్రము, జిల్లా, నగరములతో పాటు కొంపన్యీయా ది సన్ పావొలొయును, తూరిన్ పొదుపు బ్యాంకు ధర్మనిధియు స్థాపకులుగా చేరినవి. ఆ శాల 2015లో నూతనశోభతో తిరిగి తెరువబడెను. అదే నగరమున పాడుపడిన పాత రైలుబండ్ల మరమ్మతు కర్మాగారమును ధర్మనిధి కొని, బాగుచేయించి, 2017లో కళలకును, నూతన పరిశ్రమలకును నిలయముగా తెరిచినది. మిలాను ధర్మనిధియైన కారిప్లొ, అద్దెలు భరింపలేని కుటుంబములకు ఇండ్లు సమకూర్చుటకై 2004లో వేరుగా ఒక సంస్థను నెలకొల్పినది.

రైతునకు ఇందులో ఏమున్నదని అడుగుదురేని, 2008లో కొన్ని ధర్మనిధులు కలిసి "ఆజెర్" అను వ్యవసాయ పరిశోధన ప్రణాళికను ప్రారంభించినవి. పండ్లు, కూరగాయలు, ద్రాక్ష, పందుల పెంపకము, ధాన్యములు దాని మొదటి విషయములు. ధాన్యములలో గోధుమతో పాటు వరి గూడ కలదు. ఇటలీలో పో నదీతీరమున, వెర్చెల్లి మొదలగు చోట్ల, వరి విస్తారముగా పండునని మనలో ననేకు లెరుగరు. తరువాతి విడతలో ఒలీవ నూనె, పాడి, చేపల పెంపకము, కొండప్రాంతపు సేద్యము చేరినవి. ఒక్కొక్క నిధి ఒంటరిగా చేయలేని పనిని పలు నిధులు వంతులు వేసికొని చేయుట ఇందు గమనింపవలసిన విశేషము.

ధర్మనిధి గ్రామముల చేతికి సొమ్ము నిచ్చు పద్ధతిలో మాకు మిక్కిలి నచ్చినది మరొకటి కలదు. కారిప్లొ 1998 నుండి తన ప్రాంతములోని చిన్న జిల్లాలకు, "మీ యూరివారు నిర్ణీతకాలములో ఇంత మొత్తము చందాలుగా కూర్చుడు, కూర్చినచో మేమును మీ మూలధనమునకు చేర్చెదము" అని పందెము వేసినట్లు చెప్పినది. అట్లు 1999లో లెక్కొ, కోమొ అను చోట్ల మొదటి స్థానిక ధర్మనిధులు పుట్టినవి. ఊరక యిచ్చిన సొమ్మునకు యజమాని యుండడు. తాను కొంత వేసిన సొమ్మును రైతు రాత్రింబవళ్లు కాచును.

లోపములు

అంతయు మంచియే యని చెప్పిన అది అబద్ధము. మొదటి లోపము, సొమ్ము ఉన్నచోటనే ధర్మమును ఉండుట. పొదుపు బ్యాంకులు ఉత్తర, మధ్య భాగములలోనే హెచ్చుగా పెరిగెను గనుక, నిధులలో పెద్ద భాగము అక్కడనే నిలిచినది. బీదరికము హెచ్చుగానున్న దక్షిణ భాగమునకు దక్కినది స్వల్పము. దీనిని కొంత సరిదిద్దుటకై 2006లో ధర్మనిధులును, సేవాసంఘములును కలిసి "దక్షిణముతో" అను నర్థము గల పేరున ఒక ప్రత్యేక సంస్థను స్థాపించిరి. 2016 నుండి, చదువునకు తగిన వసతులు లేని పిల్లల కొరకు దేశవ్యాప్తముగా మరియొక నిధి నడచుచున్నది. అందులో ధర్మనిధులు సొమ్ము వేయగా, ప్రభుత్వము వారికి పన్నులో మినహాయింపు నిచ్చుచున్నది. రెండవ లోపము, పట్టణపు పెద్దలే మరల మరల పాలకవర్గములలో కూర్చుండుట. మూడవది యన్నిటికంటె పెద్దది. దానిని సియెనా కథయే చెప్పును.

సియెనా కథ

పుల్లరి పూచీతో పెరిగిన మోంతె దెయి పాస్కి 1995లో వాటాల కంపెనీ యయ్యెను. దాని ధర్మనిధి సియెనాకు కల్పవృక్షమైనది. విశ్వవిద్యాలయము, ఆసుపత్రి, 1932లో స్థాపితమైన కీజానా సంగీతశాల, పట్టణపు పేటలు పందెపు గుర్రములతో చేయు పాలియొ యుత్సవము మొదలగు వాటికన్నిటికిని ఆ చెట్టు నీడయే. ధర్మనిధి పాలకులలో అధికసంఖ్యాకులను నగరము, జిల్లా పాలకసంఘములే నియమించుచుండెను.

ఇతర నగరముల ధర్మనిధులు క్రమముగా తమ బ్యాంకు వాటాలను తగ్గించుకొని, సొమ్మును పలుచోట్ల నాటినవి. మిలాను, తూరిన్ బ్యాంకులు ఇతర బ్యాంకులతో కలిసి 2007 నాటికి ఒకే పెద్ద సంస్థ యయ్యెను. అచటి ధర్మనిధులు అందు కొద్దిపాటి వాటాతోనే తృప్తిపడినవి. సియెనావారు మాత్రము, "ఇది మా తాతల బ్యాంకు, దీని పెత్తనము పరులకిచ్చుట యెట్లు?" అని సగమునకు పైగా వాటాలను పట్టుకొనియే యుండిరి. ఆస్తిలో అత్యధికభాగము ఆ యొక్క బ్యాంకు వాటాలలోనే నిలిచినది.

2007 నవంబరులో ఆ బ్యాంకు అంతొన్‌వెనెత యను మరియొక బ్యాంకును 900 కోట్ల యూరోలకు కొనుటకు ఒడంబడెను. మరుసటి యేట లోకమంతటను బ్యాంకులు తలక్రిందులైనవి. బ్యాంకునకు క్రొత్త మూలధనము కావలసివచ్చినప్పుడు, పెత్తనము చేజారకుండుటకై 2008లో ధర్మనిధి తన సొమ్మును పోసెను. 2011లో అప్పు చేసి గూడ పోసెను. వాటాల వెల నేలకు దిగెను. అప్పు తీర్చుటకు వాటాలనే అమ్మవలసివచ్చెను. 2014 నాటికి ధర్మనిధి వాటా నూటికి రెండున్నర వంతులకు దిగిపోయెను. 2017లో ప్రభుత్వమే బ్యాంకులో పెద్ద వాటాదారై దానిని నిలువబెట్టవలసివచ్చెను. 2023 నుండి ప్రభుత్వము ఆ వాటాలను అమ్మివేయసాగెను.

పెత్తనము కొరకు పోరాడినవారికి పెత్తనమును దక్కలేదు, ధర్మమును దక్కలేదు. తరతరములుగా కూర్చిన నిధిలో మిక్కిలి భాగము ఆరేడు సంవత్సరములలో హరించిపోయెను. పట్టణమునకు వచ్చు దానములు ఒక్కసారిగా ఎండిపోయినవి. బ్యాంకు పోషణమున ననేక విజయములు పొందిన ఆ యూరి బంతియాట జట్టు గూడ 2014లో దివాలా తీసెను.

క్రైస్తవ వేదములో ఒక ఉపమానము కలదు. యజమాని యిచ్చిన ధనమును భయపడి భూమిలో పాతిపెట్టిన దాసుడు నిందకు పాత్రుడయ్యెను. సియెనావారు పాతిపెట్టలేదు, కాని విత్తనమంతయు ఒకే మడిలో చల్లిరి. అనుభవముగల రైతెవడును అట్లు చేయడు. ఈ దెబ్బవలన బుద్ధి తెచ్చుకొని, 2015లో ధర్మనిధుల సమాఖ్యయు, ప్రభుత్వ ఆర్థికశాఖయు ఒక ఒడంబడిక చేసికొనెను. ఏ నిధియు తన ఆస్తిలో మూడవ వంతునకు మించి ఒక్కచోట పెట్టరాదు. అప్పు పదవ వంతునకు మించరాదు. వరద వచ్చిన తరువాత వేసిన గట్టే యైనను, గట్టు గట్టే.

మన సంఘములకు ఉపదేశము

మన దేశమున 1912వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము నికరలాభములో నాలుగవ వంతు నిలువనిధికి చేర్చవలెనని విధించెను. మిగిలినదానిలో నూటికి పది వంతులకు మించకుండ ధర్మకార్యములకు ఖర్చు చేయుటకు అనుమతించెను. తరువాత ఆయా రాష్ట్రముల చట్టములలో అంకెలు మారినను మూలభావము మారలేదు. మిలానులో 1823లో పొదుపు బ్యాంకును పెట్టినవారి తలపును, మన చట్టకర్తల తలపును ఒక్కటియే. పలువురి చేతులు కలిసి సంపాదించిన లాభములో ఒక పాలు ఎవరి పేరనుగాక ఊరి పేర నిలువవలెను.

కావున మహాజనసభలో నిలువనిధి యెందుకని అడిగిన సోదరుని మేము తప్పుపట్టము. అతడు మరి మూడు ప్రశ్నలు గూడ అడుగవలెనని కోరుచున్నాము. నిలువనిధి యెక్కడెక్కడ పెట్టబడినది, అంతయు ఒకేచోట లేదు గదా? ధర్మకార్యముల పద్దు నుండి గత సంవత్సరము ఏ పనికి ఎంత పోయినది, ఆ పని పూర్తియైనదా? దానిని నిర్ణయించినవారు ఊరి కొరకు నిర్ణయించిరా, తమ్ము కూర్చుండబెట్టినవారి కొరకు నిర్ణయించిరా? ఈ మూడు ప్రశ్నలను సియెనా పౌరులు సకాలమున గట్టిగా అడిగి, సమాధానము వచ్చువరకు కూర్చుండక నిలిచియుండినచో, వారి కల్పవృక్షము అట్లు కూలియుండకపోవచ్చును.

మన సంఘముల ధర్మనిధి చిన్నది. ఒక బావికి వరయో, బడికి నల్లబల్లయో, పశువుల తొట్టికి సిమెంటో దానితో అమరును. చిన్నదని చిన్నచూపు చూడవలదు. పెరూజాలో 1462లో పోసిన రాశియు మొదట చిన్నదియే.